మొదటి గడి

టెక్కలి దాటాక, హైవే పక్క ధర్మకాటా మీద
గ్రానైటు బండని మోసుకుని ఒక లారీ ఆగిపోయింది.
దాని వెనక ఇంకోటి. ఆ వెనకంతా చీకటి.
చీకట్లో ఎన్నున్నాయో హారన్లు చెబుతున్నాయి.

"ఏటైపోనాదో తెల్దు బావూ,
సాయంత్రందాకా బాగానే పన్జేసింది.
కరెంటు పోయి వొచ్చింది, అంతే.
మొకం నల్లగెట్టీసి ఏదో ఇంగిలీషు అడుగుతంది"
అన్నాడు గేదెల పోలినాయుడు, లుంగీ బిగించుకుంటూ.

చూశాను.
అలాంటి విభాగం ఏదీ లేదని పైన ఒక వరుస.
కింద గ్రబ్ రెస్క్యూ, దాని పక్కన చిన్న బాణం ములికి,
ఆ పక్కన మినుకు మినుకుమంటూ ఒక గీత,
జవాబు చెప్పేదాకా కదిలేది లేదన్నట్టు.

ఏం పోయింది అని అడగలేదు.
ఎవరు తీశారు అన్నాను.
నాయుడు నా మొహం చూశాడు.
రాత్రి డ్యూటీ గుంటడు కూర్మారావు
తన చెప్పులు చూసుకున్నాడు.

టీ తెమ్మని నాయుణ్ణి పంపేశాక నోరు విప్పాడు.
"లారీకీ లారీకీ మధ్యన ఊరికే కూకోలేక
లినక్సు ఎక్కించుకున్నాను సార్, నలభై జీబీలో.
రేపు నాయుడుగారి బామ్మర్ది లెక్కలు సూడ్డానికొస్తన్నాడంటే
భయమేసి తీసీసినాను.
విండోసు జోలికెళ్లలేదు సార్, ఒట్టు."

వెళ్లలేదు. నాకు తెలుసు.
విండోసు లోపల హాయిగా నిద్రపోతోంది,
లేపేవాడే లేడు.

డిస్కులో మొట్టమొదటి గడి ఒకటుంటుంది.
ఐదొందల పన్నెండు బైట్లు, ఉత్తరం ముక్కంత.
మీట నొక్కగానే మిషను అక్కడికే పోయి దారడుగుతుంది.
ఈ కుర్రాడు లినక్సు ఎక్కించిన రోజు
అది ఆ గడిలో తన మనిషిని కూర్చోబెట్టింది.
ఇవాళ వీడు ఇల్లు పడగొట్టాడు గానీ
గుమ్మం ముందు మనిషికి కబురు చెప్పలేదు.
వాడింకా అటే చెయ్యి చూపిస్తున్నాడు.

వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు.
నా కొట్టు ఎక్కడని ఎవరడిగినా
"టెంట్ హౌస్ పక్కన" అనే చెబుతాను నేను.
రోడ్డు వెడల్పులో టెంట్ హౌస్ పోయి మూడేళ్లు.

కీబోర్డు నిండా రాతిపొడి.
డిలీట్ మీట లోపలికి పోయి మరి రాలేదు,
స్క్రూడ్రైవరు మొనతో పైకి లేపి,
మళ్లీ నొక్కి, మళ్లీ లేపి,
మూడోసారికి పెన్‌డ్రైవ్ నుంచి లేచింది.
రిపేరు. కమాండ్ ప్రాంప్ట్.
బూట్‌రెక్, ఒక ఖాళీ, ఒక వాలు గీత, ఫిక్స్ ఎంబీఆర్.

పని సవ్యంగా పూర్తయిందని ఒక్క వాక్యం.
ఇంత మర్యాదగా నాతో మా ఇంట్లో కూడా ఎవరూ మాట్లాడరు.

పెన్‌డ్రైవ్ లాగేశాను.
బయట డ్రైవర్లు ఒక్కొక్కరే కిటికీ దగ్గర మూగారు,
పెళ్లివారి వంటింటి ముందు నిలబడ్డట్టు.
నాలుగు రంగులు తిరుగుతూ వచ్చి
ఒక చోట అతుక్కున్నాయి.
కాటా అంకె కాసేపు ఊగి నిలిచింది:
నలభై ఒక్క వెయ్యి రెండొందల అరవై కిలోలు.
అంత బరువూ ఒక పోస్టుకార్డు కోసం
గంటన్నర ఎదురుచూసింది.

"ఏటి రోగం దానికి?" నాయుడు మూడొందలు లెక్కపెడుతూ.
కరెంటు, అన్నాను.
అబద్ధం కాదు, కొంచెం తక్కువ తూకం నిజం.

బండి తీస్తుంటే కూర్మారావు వెనకాలే వచ్చాడు.
ఏ లారీ ఎంతసేపు ఆగిందో లెక్క కట్టే ప్రోగ్రాము
రెండు నెలల్నుంచీ రాసుకున్నాడంట ఆ నలభైలో.
"మరి పోనట్టేనా సార్?"

పోలేదురా. పట్టాలో పేరు కొట్టేశావు,
చేను చేనులాగే ఉంది.
దాని మీద ఏమీ రాయకు, ఒక్క పాట కూడా ఎక్కించకు.
ఆదివారం లారీలుండవు,
నాయుడికి నేను చెబుతాను,
డిస్కు విప్పి తువ్వాల్లో చుట్టి పట్టుకురా, వెతుకుదాం.

"కొట్టెక్కడ సార్?"

పాత బస్టాండు దాటి, ఎడమవైపు,
టెంట్ హౌస్ పక్కన.

తల ఊపాడు. రెండడుగులు వేసి ఆగాడు.
"అక్కడ టెంటౌసు లేదు కద సార్?"