సముద్రం అనే ఫైలు

టార్చి పట్టుకున్నది నేనే.
ఎల్ ఆల్తోలో, బకెట్లో నీళ్లు గడ్డకట్టిన జూన్ పొద్దున,
సీటు కింద మూత విప్పితే
అరచేయంత అల్యూమినియం పెట్టె.
"ఇదా దీని బుర్ర?" అన్నాడు సాతుర్నీనో,
పద్దెనిమిదేళ్లుగా ఆ మినీబస్సు నడుపుతూ
దాని ముఖం ఇప్పుడే చూసినవాడిలా.

రోగం వీధి వీధికీ తెలుసు.
లా సెహా ఎక్కేచోట రెండో గేరులో
మూలుగుతుంది, వణుకుతుంది,
గుప్పున నల్లటి పొగ కక్కుతుంది.
మూల మీద ఊదారంగు మొక్కజొన్న జావ అమ్మే బసిలియా
ఈ బండి మోత వినగానే
తల ఎత్తకుండానే గిన్నె మీద మూత పెట్టేస్తుంది.

ఒకడు టర్బో మార్చమన్నాడు,
ఒకడు బండినే మార్చమన్నాడు,
ఇంకొకడు బానెట్ మీద సారా చిలకరించి
భూమితల్లికి మొక్కమన్నాడు.
అదీ చేశాడు. రెండుసార్లు.

ఎలియోదోరా చోకెవాంకా లాప్‌టాప్ తెరిచింది.
కుచ్చుల లంగా మీద డీజిల్ మరక, ముక్కు చివర కళ్లద్దాలు.
కేబులు గుచ్చగానే తెర నిండా అంకెలు,
అడ్డంగా వేగం, నిలువుగా బరువు,
రెండూ కలిసిన ప్రతి గడిలో
ఇన్ని చుక్కలని ఒక కొలత.
ఎక్కాల పుస్తకంలా ఉందన్నాను.
"ఎక్కాలే," అంది, "కానీ వేరే ఊరివి."

ఆమె చెప్పిందాంట్లో నాకు గుర్తున్నది ఇంతే:
ఈ ఇంజను ఏదో రేవు పక్కన పుట్టింది.
దీనికి లెక్కలు నేర్పినవాళ్లు
చిక్కటి గాలి పీలుస్తూ నేర్పారు.
నాలుగు వేల మీటర్ల ఎత్తున
ఆ గాలిలో నూటికి అరవై పాళ్లే మనకు.
ఇది మాత్రం కళ్లు మూసుకుని
ఇంకా సముద్రపు ఒడ్డునే ఉన్నాననుకుంటోంది,
నిండుగా వడ్డిస్తోంది.
ఊపిరి అందనివాడి నోట్లో
ముద్ద మీద ముద్ద కుక్కితే
పొగ రాక ఏమొస్తుంది?

సాతుర్నీనో నవ్వలేదు.
సముద్రం అన్న మాట ఈ దేశంలో
ఊరికే గాల్లో కలిసిపోదు.
బడిపిల్లాడిగా ప్రతి మార్చిలో
చేజారిన తీరం కోసం జెండా పట్టుకుని
నీలం కాగితపు అలల వెనక నడిచాడట.
ఉప్పునీళ్లు ఇప్పటికీ చూడలేదు.
"అయితే నా బండికి గుర్తుందన్నమాట,"
అన్నాడు, స్టీరింగు మీద చెయ్యి వేసి.

ఆమె తగ్గించడం మొదలెట్టింది.
పెంచుతుందనుకున్నాను నేను.
బలం కావాలని వచ్చినవాడి బండిలో
గడి గడికీ చుక్కలు కోసేస్తోంది.
డీజిల్ చిమ్మే క్షణాన్ని రవ్వంత ముందుకు జరిపింది,
టర్బో మితిమీరి తిరగకుండా పగ్గం వేసింది.
ఒక గడి దగ్గర ఆగి
నోట్లో కోకా ఆకు ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చి
చాలాసేపు ఆలోచించి
ఉన్న అంకెనే మళ్లీ కొట్టింది.

ఎక్కేటప్పుడు ఎవరూ ఊపిరి తియ్యొద్దంది, పరాచికానికి.
మధ్యలో కరెంటు తెగితే పెట్టె ఇక ఇటుకే.
రెండు బ్యాటరీలు జతకట్టాం.
డెబ్భై ఒకటి దగ్గర గీత ఆగిపోయింది.
గోడ అవతల కుక్క మొరిగింది.
నా చేతిలో టార్చి వణికింది, చలికే.
డెబ్భై రెండు.

"పాతది చెరిగిపోయిందా?"
పెన్‌డ్రైవ్ తీసి చూపించింది.
పాత లెక్కలన్నీ ఒకే ఫైలు,
దానికి ఆమె పెట్టిన పేరు సముద్రం.
"ఎప్పుడైనా అక్కడిదాకా దిగితే
మళ్లీ ఎక్కించుకో."
చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.
బేరం మాత్రం ఆడకుండా ఉండలేదు.

ఎక్కుడు మీద రెండో గేరు.
తర్వాత మూడు.
మూడు!
రాకెట్టేం కాలేదు బండి,
ముందు పోతున్న చెత్తలారీని కూడా దాటలేదు.
ఆయాసం తగ్గింది, అంతే.

మూల మీద బసిలియా చెయ్యి
మోత వినగానే మూత అందుకుంది.
గిన్నె మీద పెట్టింది.
తల ఎత్తింది.
మేం దాటిపోయాక కూడా మూత తియ్యకుండా
మా వెనక ఖాళీ రోడ్డుకేసి
ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు
చూస్తూనే ఉంది.