వదులు

టూటూ వైలెహువా నాకు గిటారు ఇచ్చినప్పుడల్లా
ముందు దాన్ని పాడుచేసి ఇచ్చేది.

ఆరు బిరడాలూ అటొక చుట్టు ఇటొక చుట్టు తిప్పేసి
"ఇదిగో, ఇక నీ తిప్పలు" అనేది.
ఇంటి శృతి గుమ్మం దాటకూడదని
పశువుల కాపరి, వాళ్ళ నాన్న, ఒట్టు వేయించుకున్నాడట.

నేను పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి.
గోళ్ళ కింద పోని గ్రీజు.
ఏది ఊగినా బిగించడమే
నాకొచ్చిన ఒకే ఒక విద్య.

కౌనకకై రేవులో వాన పడి పనాగిన ఓ మధ్యాహ్నం
ఊరందరికీ తెలిసిన శృతే నేర్పింది,
చేమమడి అంటారు దాన్ని.

"మధ్య మూడు తీగలూ ముట్టుకోకు.
అవి గట్టు. మడికి గట్టు కదలకూడదు.
లావుదాన్ని వదులు చెయ్యి,
నాలుగోదానికి అది తాతయ్యేదాకా.
ఇంకా. ఇంకా. ఆఁ, చాలు.
సన్నదాన్నీ వదులు చెయ్యి,
అదే నాలుగోదానికి మనవరాలయ్యేదాకా.
ఐదోది మూడోదాని నీడ,
నీళ్ళలో ఎంత కిందికి పడుతుందో అంత కిందికి దించు.
ఇప్పుడు ఏమీ పట్టుకోకుండా మీటు."

మీటాను.
ఎడమచెయ్యి ఒళ్ళో ఊరికే పడుంది.
అయినా నిండు మాట ఒకటి వినిపించింది,
ఇన్నేళ్ళూ వేళ్ళు వంకర్లు పోయేలా నొక్కితే తప్ప
పలకనిది.

ఆ తర్వాతే కష్టాలు.
నాకొచ్చిన పట్టులన్నీ తప్పులైపోయాయి.
ఇంటి నంబర్లు మార్చేసిన వీధిలో పోస్టుమాన్‌లా
ప్రతి మెట్టు దగ్గరా ఆగి అడిగాను.
ఐదో మెట్టు మీద అడ్డంగా ఒక్క వేలు: ఒక ఇల్లు.
ఏడో మెట్టు మీద అదే వేలు: పక్కిల్లు.
"బొటనవేలు గుర్రం, నడుస్తూనే ఉండాలి.
మిగతా వేళ్ళు పైన కూర్చుని కబుర్లాడుకోవాలి.
గుర్రం ఆ కబుర్లు వినకూడదు.
పన్నెండో మెట్టు దగ్గర నొక్కకు,
వేడి పెనాన్ని తాకినట్టు తాకి తీసెయ్."
నా గుర్రం అన్నీ వినేది.
వింటూ ఆగిపోయేది.

ఆమె మాత్రం తలుపు వేసుకుని
ఇంకేదో వాయించేది.
కిటికీ కింద నిలబడి ఎన్నిసార్లు విన్నానో.
ఒక స్వరం ప్రతిసారీ కాస్త ఆలస్యంగా వచ్చేది,
చెప్పులు విప్పుకుని లోపలికొచ్చినట్టు.
మూడేళ్ళు వెతికాను.
డీజిల్ లెక్కల పుస్తకం అంచుల్లో
లావు తీగకీ సన్న తీగకీ ఎన్నో లెక్కలు రాసి కొట్టేశాను.

ఈ మార్చిలో పక్కింటి పిల్ల పెట్టె తెచ్చింది,
తాళం పోతే చేపల దారంతో కట్టి.
టూటూ వేళ్ళు వాచి ఉన్నాయంది.

మూత తీసి మీటాను.
పాడుచేసి లేదు.
మర్చిపోయిందో, బిరడా తిరగలేదో,
అడిగే మొహం నాకు లేదు.

మూడో తీగ.
అరస్వరం తక్కువ.
గట్టే తెగ్గొట్టి పెట్టుకుంది!
ముట్టుకోవద్దన్నచోటే దాచింది,
నేను మూడేళ్ళు పొలం చుట్టూ తిరిగాను.

ఊరికే మీటితే ఏదో అడగబోయి ఆగినట్టుంది.
మొదటి మెట్టు మీద వేలితో చిన్నగా కొడితే
ఆ తీగ ఇంట్లోకొచ్చింది,
కాస్త ఆలస్యంగా,
చెప్పులు విప్పుకుని.
ఆడవాళ్ళ శృతి అంటారట ఇలాంటివాటిని.
రాత్రంతా ఆ ఒక్క దెబ్బే కొట్టాను.
పొద్దున రెండు ఇంజన్లు నాకోసం ఎదురుచూశాయి.

తిరిగివ్వడానికి వెళ్ళి
ఆమె గేటు దగ్గర ఆగాను.
పెట్టె తెరిచి, ఆరు బిరడాలూ
అటొక చుట్టు, ఇటొక చుట్టు.

ఒళ్ళో పెట్టుకుని వాచిన వేలితో ఒకసారి మీటింది.
పళ్ళు జివ్వుమనే చప్పుడు.
నా వైపు చూడలేదు.
"ఊఁ" అంది,
కాఫీకి నీళ్ళు పెట్టింది,
రెండు కప్పులకి.