పైమెట్టు, కిందిమెట్టు

అనంతపురంలో మే నెల.
పశువుల ల్యాబు గోడకు వీపు ఆనిస్తే చొక్కా లోంచి కాలుతుంది.
ఆ గోడకు ఇవతల, బీరువాంత పెట్టెలో,
మైనస్ ఎనభై ఉండాలంటారు డాక్టరు లలితాంబ.
"బయట నలభై నాలుగు. ఈ లెక్కన నూట ఇరవై నాలుగు మట్ల బావి,
ఒక్క మోటరు ఎత్తలేదమ్మా"
అన్నాడు షేక్షావలి మామ.

అందుకే లోపల రెండు.
కిందిమెట్టు చలిలోంచి వేడిని తోడి
మైనస్ ముప్పై దగ్గర పైమెట్టు చేతికిస్తుంది.
పైమెట్టు దాన్ని తెచ్చి మన మొహాన కొడుతుంది.
మా ఊళ్లో నీళ్లు దిగిపోయిన ఏడు
బావి నడిమికి ఒక ఇంజను దించి, గట్టుమీద ఇంకోటి పెట్టి
చీనీచెట్లు బతికించుకున్నాం.
అట్లాంటిదే ఇది. నాకు అట్లా చెబితేనే ఎక్కింది.

కిందిమెట్టు గ్యాసు కారిపోయింది, సగం.
అదే మళ్లీ పోద్దామంటే దొరకదు,
దొరికినచోట ధర వింటే ఆరు గొర్రెలు కళ్లముందు నడుస్తాయి.
మిగిలినదాన్ని గాలికి వదిలేద్దామా అన్నాను.
మామ నన్ను చూసిన చూపు ఇప్పటికీ ఉంది.
కిలో వదిలితే పద్నాలుగు టన్నుల పొగ వదిలినట్టేనట.
కానీ ఈ ఎండలో అది ఎంత నొక్కినా నీరు కాదు,
మొండిది.
ఖాళీ సిలిండరును పొడిమంచులో కూర్చోబెట్టి
బుజ్జగించి లోపలికి పిలిచాం.

కొత్తది ఈథేన్. వంటగ్యాసుకు దగ్గరి చుట్టం.
మూడొందల గ్రాములు తాగిన చోట నూట ఇరవై చాలు,
కానీ రవ్వ తగిలితే మాట వినదు.
రవ్వ కొట్టే రిలే తీసేసి సీలుది బిగించాం,
డ్రయ్యరు మార్చాం, వెంట్రుకంత గొట్టాన్ని మళ్లీ కొలిచి కోశాం,
నైట్రోజను నింపి అతుకులకు సబ్బునురగ పూశాం.
మామ చెవి వెనక బీడీ
పొద్దున్నుంచీ ముట్టించకుండా అట్లే ఉంది.

రాత్రి వాక్యూమ్ పంపు దగ్గర నేను.
గొట్టాల్లో ఏమీ లేకుండా చేయడానికి
ఇంత సేపు, ఇంత కరెంటు.
పక్కన పొడిమంచు పెట్టెలో నెత్తురు గొట్టాలు,
నీలినాలుక వచ్చి పోయిన గొర్రెలవి.
మంచు రేపు మధ్యాహ్నం దాకానే ఆగుతుంది.
చేతొడుగు వేసుకుని లెక్క సరిచూస్తున్నా:
బెళుగుప్ప, రొళ్ళ, కంబదూరు,
కుందుర్పి.
కుందుర్పి, పన్నెండు గొట్టాలు, కార్తీకం.
ఆ కార్తీకమే మా నాయన మిగిలిన పద్దెనిమిదింటిని
కసాయి చెప్పిన ధరకు తోలి,
నన్ను మామ దగ్గర పనికి పెట్టినాడు.
పన్నెండులో మావి ఏవో
చీటీమీద రాయలేదు.

తెల్లారి మామ తక్కెడ మీద సిలిండరు పెట్టి
గ్రాము గ్రాముకూ ఊపిరి బిగబట్టి పోశాడు.
"పైమెట్టు చల్లబడేదాకా కిందిమెట్టును లేపొద్దు.
ముందే లేపినావంటే
దాని వేడిని ఎత్తుకునేవాడుండడు, పగులుతుంది."
ఇరవై నిమిషాలు.
అప్పుడు కిందిది గురక మొదలుపెట్టింది.
నలభై. యాభై రెండు. అరవై ఒకటి.
కరెంటు పోయింది.

ఎవరమూ మాట్లాడలేదు.
గ్యాసంతా పక్కనున్న డ్రమ్ములోకి పోయి పడుకుంటుంది,
అందుకే పెట్టారు ఆ డ్రమ్మును, ఏమీ కాదు, అని తెలుసు.
తెలిసినా డాక్టరమ్మ మంచుపెట్టె మూత మీద
రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది,
బిడ్డ నుదురు చూస్తున్నట్టు.
కరెంటు వచ్చాక కూడా
పైమెట్టు, వరసగా. తొందర లేదు దానికి.

పన్నెండున్నరకు డెబ్బై ఆరు దగ్గర ఆగింది.
అరగంట అదే.
"రెండు చుక్కలు ఎక్కువైనాయి" అన్నాడు మామ,
కొంచెం వెనక్కి తీసుకున్నాడు.
డెబ్బై తొమ్మిది.
డాక్టరమ్మ తలూపింది. మామ బీడీ పట్టుకుని
గేటు దాటి, రోడ్డు కూడా దాటి వెళ్లాడు.

గొట్టాలన్నీ నేనే లోపల పెట్టాను,
కుందుర్పివి చివర.
మూత వేసి వెనక్కి వస్తే
పైమెట్టు ఫ్యాను లోపలి వేడినంతా ఊదుతోంది.
మే నెల మధ్యాహ్నం, ఎవరైనా తప్పుకుంటారు.
నేను అక్కడే కాసేపు నిలబడ్డాను.