ఒక స్టేజీ దూరం

ఇరవై రెండేండ్లు జమ్మలమడుగు డిపోలో
నిలబడే ప్రయాణం చేసినా.
భూమిని ఎన్నిసార్లు చుట్టొచ్చినానో లెక్క తెలీదు,
అందులో ఒక్క అడుగు కూడా నాది కాదు.
అన్నీ టైర్లవే.

పోయిన కార్తీకంలో, నలభై ఆరో ఏట,
డిపో మెట్లెక్కి క్యాషు కట్టే కిటికీ కాడ
నోట మాట రాక రొప్పుతా నిలబడితే
ఓబిలేసు నోట్లు లెక్కపెట్టి, నన్ను చూసి అన్యాడు:
"కలెక్షను సరిపోయిందక్కా,
గాలే షార్టు పడింది."

మర్నాడు నాలుగున్నరకు లేసినా.
మోరగుడి రోడ్డు. చీకటి. మంచు.
పక్కన యాడనో పెన్న,
నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కప్పుకుని పండుకోనుంది.
కాళ్ళకు కాన్వాసు బూట్లు, పైన ఖాకీ చొక్కా
(దాన్ని చూస్తే టికెట్టు అడుగుతాననుకుని
కుక్కలన్నా పక్కకు పోతాయని).
ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఉరికినా.
అంతే.
రొమ్ము కొలిమితిత్తి.
నాలుక ఎండిన తంగేడాకు.
స్తంభాన్ని కావిలించుకుని నిలబడితే
పాల మద్దిలేటి బండాపి,
"ఏమక్కా, ఎవురన్నా తరుముకుంటాండారా?"
"ఊఁ. నేనే."

ఆ రాత్రి పాత వేబిల్లు వెనక రాసుకున్నా:
ఉరికింది ఒకటి, నడిచింది ఆరు.

వారానికి రెండు స్తంభాలు.
కొన్ని వారాలు అదీ లేదు.
శనగ మొలిచినప్పుడు ఒకటి,
పూతకొచ్చేసరికి తొమ్మిది.
నడుమ ఒక ఆదివారం ఒళ్ళు మదమెక్కి
నాలుగు చాలక ఒక్కసారే పదకొండు కొట్టినా.
పిక్క పట్టేసింది.
ఎనిమిది దినాలు సందు దొరికినప్పుడల్లా
బానెట్టు మీద కాలు చాపుకుని టికెట్లు చింపే మిషను నొక్కినా.

అప్పుడు తెలిసింది.
బతుకంతా ప్యాసింజర్ల మీద అరిచిన మాటే
నా ఒళ్ళు నా మీద అరుస్తాంది:
పెద్ద నోటు చెల్లదు,
చిల్లర ఉంటేనే ఎక్కు.

అందుకే దినమూ చిల్లరే ఇచ్చినా.
ఒక స్తంభం, అర స్తంభం,
నైటాల్టు చేసొచ్చిన పొద్దున ఉత్త నడక.
వాన పడిన దినం గడపలో బూట్లేసుకుని కూర్చుని
మళ్ళీ విప్పేసినా. అదీ రాసుకున్నా.

హుషారు దినమూ రాదు.
అది డీలక్సు బండి, మన స్టేజీలో ఆగుతాదో లేదో
డ్రైవరుకే తెలీదు.
నేను నమ్ముకున్నది పల్లెవెలుగును:
రేకులు కొట్టుకుంటా, చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతా,
ఆలస్యంగానే గానీ
వస్తాది.

చేలు కోసినారు. నల్లరేగడి బయటపడింది.
ఇరవై.
నాపరాళ్ళ లారీలు దుమ్ము లేపుతా పోతాంటే
ముక్కుకు కొంగు కట్టుకునే ఉరికినా.
ఒకనాడు ఇరవై ఏడో స్తంభం కాడ
ఊపిరి సంగతే మర్చిపోయి
ఇంట్లో కందిపప్పు అయిపోయిందని ఆలోచిస్తాండా.
ఎవురికీ చెప్పలేదు గానీ
ఆ పొద్దు నవ్వుకుంటానే డ్యూటీ ఎక్కినా.

ఎండలు ముదిరినాక, వీక్లీ ఆఫ్ నాడు,
నలభై మూడు స్తంభాలు.
ఊరి చివర నుంచి మోరగుడి దాకా.
ఒక స్టేజీ.
కనీస టికెట్టు దూరం. ఇంతే.
ఇంతకు ఎందరి కాడ చెయ్యి చాపినానో!

నలభై ఒకటో స్తంభం కాడ వెనక హారను.
మొదటి ట్రిప్పు, మా బండే.
పీరయ్య నిదానం చేసి కిటికీలోంచి తల బయటపెట్టి,
"ఎక్కు దస్తగిరమ్మా, దించిపోతా."
మాట రాలేదు. గాలి లేక కాదు,
ఈసారి గాలంతా పనిలో ఉండాది.
అరచేత్తో బండి రేకును రెండు దెబ్బలు కొట్టినా.
రైట్.
రైట్.

తిరిగొచ్చేటప్పుడు ఉరకలేదు,
రొండిన చెయ్యి పెట్టుకుని నడిచినా.
అదీ రాసుకున్నా.