బొత్తాలు

గుణదలలో సెలవులకి మూసిన స్కూలు.
మే నెలలో ఇరవై రోజులకి మాకిచ్చారు.
నా మెడలో ‘కౌన్సిలర్’ బ్యాడ్జీ,
చేతిలో దయానందం గారి ఫైలు:
వయసు నలభై ఏడు, మానసిక వయసు ఆరు.

ఆరేళ్ళవాడికి నెరిసిన గడ్డం గీయడం
నాకెవరూ నేర్పలేదు.
మొదటిరోజు నా చెయ్యి వణికితే
ఆయనే బుగ్గ పూరించి పెట్టాడు.

చొక్కాకి ఐదు బొత్తాలు. పదకొండు నిమిషాలు.
మూడోది తప్పు కాజాలో దూరుతుంది,
మళ్ళీ మొదటికి.
సాయం చేయబోతే చేతిమీద ఒక్కటేశాడు.
అప్పట్నుంచీ కిటికీలోంచి కొండని చూస్తూ నిలబడతాను.
బయట వ్యాను హారన్ కొడుతూనే ఉంటుంది.

బ్యారేజీ ఎక్కగానే సాంబ్రాజ్యమ్మ గేట్లు లెక్కపెడుతుంది.
పన్నెండు దాకా వచ్చి
పన్నెండు, పన్నెండు, పన్నెండు...
కింద నీళ్ళకంటే ఇసకే ఎక్కువ.
సీతానగరం వచ్చేదాకా
డ్రైవరు మస్తాన్‌తో సహా
వ్యానంతా పన్నెండే.

నిన్న ముంజలు తెచ్చారు.
నేను చెంచాతో తంటాలు పడుతుంటే
దయానందం గారు బొటనవేలు గుచ్చి
చుక్క కారకుండా జుర్రేసి
నా వంక చూశాడు,
నేను రోజూ ఆయన్ని చూసే చూపే.
ఓపిగ్గా, అక్కర్లేనంత బిగ్గరగా,
“ఏదీ, మళ్ళీ చెయ్యి” అన్నాడు.

చేశాను.
చొక్కా అంతా ముంజనీళ్ళు.
లేచొచ్చి నా పై బొత్తాం పట్టుకున్నాడు.

ఎండ ఇంకా దిగలేదు.
నేను కదలకుండా నిలబడ్డాను.
మస్తాన్ హారన్ కొడుతున్నాడు.
రెండోదే అయింది.