పసుపు సీసా

సోహార్ రేవు ఎనక, ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పు పట్టే గది.
అండ్ల నీళ్లను పరీక్ష చేస్తరు.
నేను సీసలు కడుగుత.
మూడుసార్లు నల్లా నీళ్లు, మూడుసార్లు శుద్ధి నీళ్లు,
ఆఖరికి వెలుతురుకు పట్టి చూసుడు.

ఈ దేశంల నాకు మస్తు నంబర్లున్నయి.
బతాకా నంబరు. హెల్మెట్ నంబరు.
క్యాంపుల రూము పద్నాలుగు, మంచం మూడు, పైది.
పొద్దున గేటు కాడ బొటనవేలు ఒత్తుడు వేరే.
నేను తప్పిపోతె దొరకవట్టేటందుకే గవన్నీ.

నిరుడు ఎస్తేరు మేడానికి ఒక నంబరొచ్చింది.
ఆమెది చీరాల. తొమ్మిదేండ్ల సంది ఇదే గది.
ఆ నంబరు కోసం రెండేండ్లు తిప్పలు వడ్డది.
చేసిన పనంత రాసి పంపింది.
ఆమె పని ఎరిగినోళ్లు ఇద్దరు సాక్ష్యం రాసిన్రు.
పెద్ద కెమిస్టులు ముగ్గురు కంప్యూటర్ల కూసోని
"నీ లెక్క తప్పని నీకే తెలిస్తే ఏం చేస్తవు?" అని
గంటసేపు అడిగిన్రట.
ఫీజు నా నెలన్నర జీతం.
యాడాదికోసారి ఏం నేర్చుకున్నదో చెప్పకుంటె
ఆ నంబరు వాపస్ పోతదట.

"జీతం పెరిగిందా మేడం?"
"లేదు రాజమల్లూ."
"మరి గిదెందుకు?"
"చెప్తాలే" అంది. చెప్పలే.

ముందుగాల ఆమె రిపోర్టు రాస్తె
అడుగున చిన్నగ రెండచ్చరాలు పెట్టేది, గంతే.
సంతకం మస్కట్ల ఒకాయనది.
ఆయన ఈ నీళ్లను ఎన్నడు చూడలే,
వాసన గూడ చూడలే.

జులై నెల.
గోడ ముట్టుకుంటె చెయ్యి కాలుతది.
ట్యాంకర్ నీళ్ల సీస ఒక రాత్రి వెచ్చటి పెట్టెల వండుకోని
తెల్లారి పచ్చగ లేచింది.
మా ఇంటికాడ పసుపంటె గడపకు బొట్టు,
పెండ్లిపిల్ల పాదాలు.
ఈ గదిల పసుపొస్తె
నీళ్లల్ల పురుగున్నట్టు.

సీస మీద చీటీ చదివిన.
మా క్యాంపు ట్యాంకరే.
నిన్న రాత్రి నేను రెండు చెంబులు తాగిన.

పెద్దసారు వచ్చిండు.
అరిచెటోడు గాదు, మంచిగనే మాట్లాడుతడు.
"సీస సరిగ కడగలేదేమో" అన్నడు, నా దిక్కు చూడకుంటనే.
"ఇయ్యాలకు లేదని రాయి. రేపు ఇంకోటి తెప్పిద్దాం."

మేడం జెర్రసేపు ఏం మాట్లాడలే.
ఏసీ బుర్రుమంటున్నది.
మెల్లగ అంది:
"కింద పడేది నా నంబరు సార్.
రేపు ఎవరైనా అడిగితే మీరు చెప్పరు, నేను చెప్పాలి.
సీసా అతను బాగానే కడిగాడు,
పక్కనే ఖాళీ సీసా కూడా పెట్టాను, అది పచ్చబడలేదు."

'ఉన్నది' అని రాసింది.
కింద పేరు, పేరు కింద నంబరు.
చెయ్యి వణికింది. నేను చూసిన.

ట్యాంకర్ బంద్ అయింది.
ఆ రాత్రి క్యాంపుల నీళ్లు లెవ్వు.
నర్సింలు, బాలయ్య, బిహారు పోరలు,
ఎవడాపిండ్రా అని అందరు తిట్టిన్రు.
ఆమె పేరు నా నాలిక మీదికొచ్చింది.
మింగి పండుకున్న.
ఎందుకో ఇప్పటికీ సమజ్ గాదు.

మేడానికి ఆ నెల బోనస్ రాలే.
ఆమె ఆ ముచ్చట ఎత్తలే.

గప్పటి సంది
నేను కడిగిన ప్రతి ట్రేకు
తెల్ల టేపు మీద 'రా.మ.' అని రాసి అంటిస్తున్న.
ఎవరు చెప్పలే. ఎవరు అడగలే గూడ.

మొన్న ఒక సీస పట్టుకోని వచ్చింది.
మూతి లోపల సన్నటి సున్నపు గీత.
"రాజమల్లూ, ఇది నీదేనా?"

నాకు ఈడ ఏడేండ్లు.
బతాకా జూపియ్యి అని అడిగిన్రు,
రూము నంబరెంత అని అడిగిన్రు.
ఇది నీ పనేనా అని ఎవరడిగిన్రు?

"నాదే మేడం" అన్న.
తీసుకపోయి మల్ల కడిగిన.
వెలుతురుకు పట్టి
శానసేపు చూసిన.