చెయ్యి పెట్టనీబాక

రాత్రి రెండింటికి బ్యాకప్ బయల్దేరుతుంది.
చీమకుర్తి క్వారీలో ఆ వేళప్పుడు
వైర్‌సా ఒక్కటే మేలుకొని
కొండని దారంతో కోస్తుంటుంది.

పొద్దున కీబోర్డు మీద రాతిపొడి తుడుచుకుని
లాగ్ చూడ్డం నా మొదటి పని.
ఏడు నెలలుగా ఒకటే మాట: పూర్తయింది.
దాని కింద, సన్నగా, ఒక పసుపు గీత.
పైన అంతా పచ్చగా ఉంటే
అడుగున పసుపునెవరు చదువుతారు?
నేను చదవలేదు. ఒప్పుకుంటున్నా.

నెట్ పోయిన ఒక గురువారం, పనిలేక చదివాను.
కొలతలు: లోపలికి అనుమతి లేదు.

కొలతలంటే మలకొండయ్య గారి ఫోల్డరు.
పందొమ్మిదేళ్ల బ్లాకులు.
పొడవు, వెడల్పు, ఎత్తు, పగులు ఏ వైపు,
ఏ రాయిలో బంగారు చుక్క ఒత్తుగా ఉంది,
కోసినోళ్లకి ఎంత కూలీ రావాలి.
జనవరిలో ఎవరో
రెండు మీటర్ల అరవైని రెండు నలభై చేశారు.
ఆ సాయంత్రమే తలుపు మూసేసుకున్నారాయన.
ఏడు, సున్నా, సున్నా.
నేను తప్ప ఇంకెవరూ వద్దని.

నా బ్యాకప్ రూట్ పేరుతో వెళ్తుంది.
సొంత మిషన్లో రూట్ మాటకి ఎదురు లేదు,
ఏ గదైనా తెరుచుకోవాల్సిందే.
తీగ దాటి, పదిమందీ పంచుకునే డిస్కు గడప తొక్కగానే
అక్కడి సర్వరు తలపాగా తీయించి
'ఎవరూ కానివాడు' అని పేరు రాసుకుంటుంది.
తప్పేం లేదు, అట్లా పెట్టింది నేనే.
పొరుగూరి మునసబు మనూళ్లో మునసబు కాడు గదా.
ఆ ఎవరూ కానివాడు
ప్రతి రాత్రీ రెండింటికి వచ్చి, తలుపు తట్టి,
ఒక పసుపు గీత గీసి తిరిగిపోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది.

సర్వరుకి పేర్లు పట్టవు, నంబర్లే.
మార్చిలో మలకొండయ్య గారు మానేస్తే ఖాతా తీసేశాం.
జూన్‌లో చేరిన శశాంక్‌కి
ఖాళీగా ఉంది కదాని అదే నంబరు పడింది.
వెయ్యిన్నీ పద్నాలుగు.
పోర్టుకెళ్లిన రాయి నంబరు
యార్డులో ఇంకో రాయికి సున్నంతో పూసినట్టు.

"అక్కా, నా పేరు మీద ఎవరిదో పాత చెత్త ఉంది,
జాగా చాలట్లేదు, తీసేయనా?"
అన్నాడు పిల్లాడు, పాపం, మర్యాదగానే.
టీ గ్లాసు నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

కాపాడేవాడికి తలుపు మూత.
చెరిపేవాడి చేతిలో తాళంచెవి.
గోడకి 'డేటా భద్రం' అని
నేనే అంటించిన కాగితం.

"అందరికీ తెరిచెయ్, మూడు ఏడులు కొట్టు,
గొడవుండదు" అన్నాడు మేనేజరు.
మూడు ఏడులంటే
సైరన్ మోగించకుండా బ్లాస్టింగుకి గేటు తీయడమే.
ఆ మాట పైకి అనలేదు. ఫోన్ చేశాను.

పొదిలి వేలంలో పొగాకు బేళ్లు తూయిస్తున్నారట.
కొలవడం మానలేదన్నమాట.
కాటా చప్పుడు మధ్య అంతా విని
"చూసేదానికి చూడనీమ్మా,
చెయ్యి మాత్రం పెట్టనీబాక" అన్నారు.
నేను చదివిన మాన్యువల్లో
ఇంత పొట్టి వాక్యం లేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు.
నకలు తీయడానికే ఒక కొత్త యూజర్ని పుట్టించాను.
గడప దాటొచ్చు, చదవొచ్చు, అంతే,
రాయడానికి చేతుల్లేవు.
ఫోల్డరుని ఏ మనిషికీ చెందని నంబరుకి రాసిచ్చాను.
వెయ్యిన్నీ పద్నాలుగుని ఇంకెవరికీ ఇవ్వను.
శశాంక్‌కి కొత్త నంబరు, కాస్త ఎక్కువ జాగా.

రెండయింది. పోయిన రాత్రి లాగే బయల్దేరింది.
నాలుగింటికి అడుగుదాకా చదివాను, పసుపు లేదు.
అయినా నమ్మలేదు.
నకల్లోంచి జనవరి పేజీ ఒకటి
ఖాళీ చోట పరిచి తెరిచాను.

రెండు మీటర్ల అరవై.
పక్క గడిలో ఆయన మాట:
మళ్లీ కొలిచాను. ఇదే.